పుట్టిన తేదీ ఒకరోజు వెనక్కి ఎందుకు జరుగుతుంది?

పల్నాడు జిల్లా ఏర్పడింది 2022 ఏప్రిల్ 4న. ఆ రోజు మొదలైన క్షణాన్ని కంప్యూటర్ 1649010600 అని రాసుకుంటుంది. 1970 జనవరి 1 నుంచి గ్రీనిచ్ లెక్కన గడిచిన సెకన్లు ఇవి. దీన్ని మనం చదివే తేదీగా మార్చేది కోడ్. సర్టిఫికెట్లు ఫోన్‌కే వస్తున్న రోజుల్లో (ప్రభుత్వ వాట్సాప్ సేవ 'మన మిత్ర' 2025 జనవరి 30న మొదలైంది) ఈ మార్పిడి మన పనుల మీద నేరుగా ప్రభావం చూపుతుంది.

మన గడియారం గ్రీనిచ్ కంటే 5.30 గంటలు ముందుంటుంది. కోడ్‌లో 'ఆసియా/కోల్‌కతా' అని చెప్పడం మరిస్తే పై అంకె ఏప్రిల్ 3 సాయంత్రం 6.30 అవుతుంది. సమయం తీసేసి తేదీ ఒక్కటే చూపిస్తే, జిల్లా ఒకరోజు ముందే పుట్టినట్టు! జిల్లా సంగతైతే నవ్వుకుని వదిలేయొచ్చు. మాచర్లలో పుట్టిన బిడ్డ విషయంలో కుదరదు. సవరించిన చట్టం ప్రకారం 2023 అక్టోబరు 1 నుంచి పుట్టినవారికి బడిలో చేరాలన్నా, డ్రైవింగ్ లైసెన్సు తీసుకోవాలన్నా, ఓటు నమోదుకైనా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే ఆధారం. అసలు పుట్టిన తేదీని సెకన్లలో దాచడమే తప్పు. సంవత్సరం, నెల, రోజుగానే ఉంచాలి.

03-04-2025 అన్నది మరో చిక్కు. మనకది ఏప్రిల్ 3, అమెరికా పద్ధతిలో మార్చి 4. నెలను అక్షరాల్లో రాస్తే ఈ గొడవే ఉండదు. అందుకు పెద్ద ప్రోగ్రామ్ కూడా అక్కర్లేదు. జావాస్క్రిప్ట్‌కు భాష తెలుగు అని, తేదీ పూర్తి రూపంలో కావాలని చెబితే '3, ఏప్రిల్ 2025, గురువారం' అని తనే ఇస్తుంది. పత్రికల్లో '2025 ఏప్రిల్ 3, గురువారం' అని చదివే మనకు ఆ కామా కాస్త ఎబ్బెట్టుగా ఉన్నా, అర్థం మాత్రం మారదు.

సమయం దగ్గర అర్థమే మారిపోతుంది. రోజును ఉదయం, మధ్యాహ్నం, సాయంత్రం, రాత్రి అని నాలుగు ముక్కలే చేసిన కోడ్ వేకువజామును రాత్రిలో కలిపేస్తుంది. 'శుక్రవారం రాత్రి 4 గంటలకు' అని మెసేజ్ వస్తే గురజాలలో ఎవరైనా శుక్రవారం పడుకుని లేచాక వచ్చే నాలుగే అనుకుంటారు. కోడ్ ఉద్దేశం శుక్రవారం తెల్లవారుజాము. అప్పటికి పూర్తిగా ఒకరోజు ఆలస్యం. '10వ తేదీ 12 ఏఎం లోగా' అన్న గడువూ అంతే. అది ముగిసేది 9వ తేదీ రాత్రే. 11.59 పీఎం అని రాస్తే ఏ తేదీ రాత్రో ఎవరూ అడగక్కర్లేదు.

జనన ధ్రువపత్రం చేతికి రాగానే అందులోని తేదీని ఆసుపత్రి కాగితంతో పోల్చి చూడండి. అర్ధరాత్రి దాటాక పుట్టిన బిడ్డయితే మరీ జాగ్రత్తగా చూడాలి.