తప్పెట కావాల, కొట్టేవాడు వద్దా?

కర్నూలు, కడప టౌన్లలో పెళ్ళిళ్ళకు కొత్త మోజు పట్టుకుంది. బ్యాండుమేళం పాతబడిందంట, ఏదన్నా 'వెరైటీ' కావాలంట. అందుకని కీలుగుర్రాలు పిలిపిస్తారు, మరగాళ్ళవాళ్ళను పిలిపిస్తారు, పులివేషాలు పిలిపిస్తారు. అన్నిటికన్నా ముందు మా తప్పెట. పదిహేనుమంది మాదిగ పిల్లోళ్ళకు ఒకే రంగు చొక్కాలు తొడిగి, నడుముకు గుడ్డ కట్టించి మెరవణి ముందర నిలబెడతారు. సెల్‌ఫోన్లు పైకి లేస్తాయి. ఎన్నడూ మా వాడ ముఖం చూడనివాళ్ళు గూడా 'ఇదీ మన సీమ సంస్కృతి' అని మురిసిపోతారు.

మురవండి. మా కళ మీకు నచ్చితే మాకు బాధ లేదు. మా పిల్లోళ్ళకు నాలుగు డబ్బులు దొరికితే మంచిదే. కానీ అయ్యా, కొన్ని లెక్కలు మిగిలిపోయినాయి. అవి తేలాల.

మొదటిది కూలి లెక్క. కేరళ నుంచి చెండమేళం తెప్పించేటప్పుడు అడ్వాన్సు ముందే పంపుతారు, రానూపోనూ చార్జీలు పెడతారు, లాడ్జీలో గదులు తీస్తారు. పక్కపల్లె తప్పెట కాడికి వచ్చేసరికి 'మనోళ్ళే గదా, ఏదో ఒకటి సర్దుదాం' అంటారు. పెళ్ళివాళ్ళు ఈవెంటు వాడికి ఎంత ఇచ్చిందీ కొట్టినోడికి తెలియదు. నడిరాత్రి దాకా కొట్టించుకొని, సగం డబ్బులు చేతిలో పెట్టి, మిగతా సగానికి సీసా చూపిస్తారు. డాక్టరుకు ఫీజు బదులు సీసా ఇస్తారా? బడిపంతుళ్ళం మేము, జీతం బదులు సీసా ఇస్తే ఊరుకుంటామా?

రెండోది బువ్వ లెక్క. పోయిన ఎండాకాలం ఒక తోటి పంతులు ఇంటి పెళ్ళికి పోయినాము. మమ్మల్ని మర్యాదగా ఫ్యాను కింద బంతిలో కూర్చోబెట్టినారు. చేతులు కడుక్కుందామని వెనకపక్కకు పోతే, జనరేటరు పక్కన నేలమీద కూర్చొని మా తప్పెటోళ్ళు తింటాండారు. అందులో ఒకడు మా దగ్గర పదో తరగతి చదివి, డిగ్రీ పాసైన పిల్లోడు. మమ్మల్ని చూసి తల దించుకున్నాడు. 'పైకి రాకపోతివేమిరా?' అంటే, 'ఈడనే తినమన్నారు సార్' అన్నాడు. పెళ్ళివాళ్ళను అడిగితే 'వాళ్ళు పనికొచ్చినోళ్ళు గదా సార్' అని జవాబు. ఫోటోలు తీసేవాడు మాత్రం పై బంతిలోనే తింటాండాడు. అతనూ పనికొచ్చినోడే గదా! ఆ పూట మేము అంతకుమించి అడగలేకపోయినాము. పోయి మా పిల్లోని పక్కన కూర్చొని తినలేకపోయినాము గూడా. ఈ నాలుగు మాటలు రాసేది ఆ సిగ్గుతోనే.

మూడోది ఊరి లెక్క. టౌన్లో కళ అనిపించుకున్న తప్పెట, పల్లెకు తిరిగిపోతే వెట్టి. పెద్దింట్లో పీనుగ లేస్తే కొట్టాల, జాతరకు కొట్టాల, చాటింపు వేయాల. మా నాయన అట్లా కొట్టినోడే. చింతకట్టె చట్రానికి చింతగింజల జిగురు పూసి, తోలు బిగించి, మంటకాడ కాచి, మండే ఎండలో శ్మశానం దాకా కొట్టుకుంటా నడిచేవాడు. ఏడాదికొకసారి కల్లంకాడ మేర అని ఇన్ని గింజలు కొలిచేవాళ్ళు. కాలేజీలో అంబేడ్కర్‌ను చదివొచ్చి, 'ఇంగ దాన్ని పొయ్యిలో పెట్టు నాయనా' అని పోట్లాడితిమి. 'పెడతాలే. గింజలు రాకపోతే నిన్ను హాస్టలుకు యాడనుంచి తెచ్చి పంపాల?' అన్నాడు. మాకు మాట పెగల్లేదు. మా డిగ్రీలో ఆ వెట్టి గింజలు ఉండాయి.

ఇది ఆచారం అనేవాళ్ళు చట్టం గూడా తెలుసుకోవాల. రాజ్యాంగం 23వ అధికరణం వెట్టిని నిషేధించింది. 1976లో వెట్టిచాకిరి నిర్మూలన చట్టం వచ్చింది. దళితులచేత వెట్టి చేయించడం నేరమని 1989 అత్యాచారాల నిరోధక చట్టం చెప్పింది. తప్పెట కొట్టనన్నందుకు అంగట్లో సరుకు, చేలో కూలి బందు పెడితే ఆ బహిష్కారం గూడా నేరమే అని 2015 సవరణ చెప్పింది. మహర్లను ఊరి చాకిరికి కట్టేసిన వతన్ మీద అంబేడ్కర్ 1928లోనే బొంబాయి శాసనమండలిలో బిల్లు పెట్టినాడు. నూరేండ్లు కావొస్తాంది.

మనలోనే కొందరు 'తప్పెట బానిసగుర్తు, పారేయండి' అంటారు. వాళ్ళ కోపం మాకు తెలుసు, ఒకప్పుడు మా మాటా అదే. కానీ 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో దండోరా పుట్టింది. దొరల మాట ఊరికి చాటిన తప్పెటతోనే మాదిగలు తమ హక్కులు చాటినారు. తోలు అదే, కట్టె అదే. కొట్టేవాడు తన మాట కోసం కొట్టినాడు. కాబట్టి తప్పెటను పారేయాల్సిన పని లేదు. ధర చెప్పే హక్కు, రానని చెప్పే హక్కు మన చేతికి రావాల.

శాలువాలతో కడుపు నిండదు. కృష్ణ అవతల నాగర్‌కర్నూలు జిల్లాలో దక్కలి కులంలో పుట్టిన కిన్నెర మొగులయ్యకు 2022లో పద్మశ్రీ ఇచ్చినారు. 2024లో ఆయన ఇండ్లు కట్టేకాడ కూలిపని చేస్తాండాడని పత్రికల్లో చదివినాము. మన రాష్ట్రంలో డప్పు కళాకారుల పింఛను 2024లో నెలకు 4000 రూపాయలైంది. మంచిదే. కానీ అది వయసు పైబడినోళ్ళకు. పాతికేండ్ల పిల్లోడికి కావాల్సింది చేసిన పనికి సరైన కూలి.

అందుకే మేము అడిగేది ఇది:

1. పల్లెపల్లెకు తప్పెటోళ్ళు సంఘం కట్టుకోవాల. ధర సంఘమే చెప్పాల. సగం డబ్బు ముందే తీసుకోవాల, ఒప్పందం కాగితం మీద ఉండాల.

2. చార్జీలు వేరే, కూలి వేరే. సీసా కూలి కాదు.

3. బువ్వ అందరితోపాటు ఒకే బంతిలో. లేకుంటే తప్పెట భుజానేసుకొని వెనక్కి రావాల.

4. పీనుగకైనా జాతరకైనా ఊరికే కొట్టేది లేదు. బలవంతం చేస్తే కేసే.

5. సర్కారు ఉత్సవాల్లో డబ్బు దళారీ చేతికి కాకుండా కళాకారుని బ్యాంకు ఖాతాకే పోవాల.

చివరగా మన ఉద్యోగస్తులకు ఒక మాట. మన ఇండ్ల పెళ్ళిళ్ళకే మనం తప్పెటను పిలవము. పిలిస్తే కులం బయటపడుతుందని భయం. పిలుద్దాం. అడిగిన ధర ఇద్దాం. ముందు బంతిలో వాళ్ళ పక్కనే కూర్చొని తిందాం. ఆ పొద్దు జనరేటరు కాడ మేము చేయలేని పని అదే.

జై భీమ్!