చేతిపని చదువు గాదా?

చేతివృత్తులు నశించుచున్నవని సభలలో కన్నీరు గార్చుట మన పట్టణములలో నొక వేడుక యైనది. ఆ కన్నీరు ఆరకమునుపే రెండు దినముల వర్కుషాపు నొకదానిని ఏర్పాటు చేయుదురు. మొదటి దినమున ఉపన్యాసములు. రెండవ దినమున బంకమన్ను. కుమ్మరి సారె త్రిప్పుచుండగా మనవారు ఆ మన్నుపై ఒకమారు వ్రేళ్లు ఆన్చి, ఫోటో తీయించుకొని, యోగ్యతాపత్రమును చంకబెట్టుకొని ఇంటికి బోవుదురు. సాయంకాలమునకు పనితనము కుమ్మరిది, పేరు మనది. ఇట్టి వేడుకలను మానుడని మేము చెప్పము. మన్ను ముట్టని చేతికంటె ఒకమారు ముట్టిన చేయి మేలే. కాని దీనికి హస్తకళాశిక్షణమను పేరు పెట్టుటను మాత్రము సహింపజాలము.

శిక్షణమన నెట్టిదో తెలియగోరువారు గద్వాలకు పోయి మగ్గముకడ ఒక దినము కూర్చుండవలయును. పెద్దమందడి వారికిని, వనపర్తి వారికిని అది దూరదేశము గాదు. గద్వాల చీరకు నడుమ నూలు, అంచులును కొంగును పట్టు. ఈ రెంటిని వేరువేరుగ నేసి కుట్టి అతికించినవి కావు. నాడె వేసిన ప్రతిమారును అంచులోని పట్టుపేకను నడిమి నూలుపేకతో మెలిపెట్టి కలుపుదురు. ఇందుకు మూడు నాడెలు నడువవలయును. మగ్గముకడ ఇరువురి చేతులు ఆడవలయును. కుప్పడమను పేరు దీనిదే. కొంగుకడకు వచ్చుసరికి నూలు పడుగుపోగుల కొనలకు పట్టు పడుగుపోగులను ఒక్కొక్కదానినే చేత త్రిప్పి జతపరుతురు, అది తిప్పడము. నూలు ఒక తీరున సాగును, పట్టు మరియొక తీరున సాగును. ఏ పోగును ఎంత బిగువున లాగవలయునో ఏ పుస్తకమును చెప్పదు. తప్పు చేసి, గురువు చేత విప్పించుకొని, మరల చేసి, నెలలు గడచిన పిమ్మటనే శిష్యుని వ్రేళ్లకు ఆ బిగువు తెలియును. దీనిని రెండు దినములలో నేర్పెదమనువారు నేతను ఎరుగరు; శిష్యునిని అంతకంటెను ఎరుగరు.

ఈ చీరకు భౌగోళిక గుర్తింపు లభించినది. చీర పేరునకు చట్టరక్షణము దొరకినది గాని, నేయు చేతికి దొరకినదెక్కడ? 2019-20లో జరిగిన నాలుగవ చేనేత గణన ప్రకారము దేశమందలి నేతకుటుంబములలో దాదాపు మూడింట రెండువంతులకు నెలసరి రాబడి 5,000 రూపాయలకు లోపే. ఇక నేతగాని కుమారుడు మగ్గపుగుంటలో దిగననుట సోమరితనము గాదు. అతడు లెక్క నెరిగినవాడు. తండ్రి చేతిలోని విద్య కుమారునికి అందుట లేదు. పరుల బిడ్డలకు అందించు ఏర్పాటును లేదు. ఆ విద్య ఎవరికి పోవును? కాటికి పోవును.

ప్రభుత్వములు ఏమియు చేయుట లేదని మేమనము. 2020 నాటి జాతీయ విద్యావిధానము 6 నుండి 8 తరగతుల మధ్య నెప్పుడైనను పది దినములు పిల్లలు పుస్తకసంచి లేక వచ్చి వడ్రంగికడను, కుమ్మరికడను పని చూడవలయునని నిర్దేశించినది. మూడేండ్ల చదువులో పది దినములు! పిల్లవానికి ఉలి పట్టుట తెలియకమునుపే గడువు తీరిపోవును. 2023 సెప్టెంబరు 17న ప్రారంభమైన విశ్వకర్మ పథకము 18 వృత్తులవారికి అయిదు నుండి ఏడు దినముల ప్రాథమిక శిక్షణమును, దినమునకు 500 రూపాయల భృతిని, పనిముట్లకు 15,000 రూపాయల సాయమును ఒసగుచున్నది. సాయము మంచిదే. కాని తరతరములుగా పని వచ్చినవానిని బల్లపై శిష్యునిగా కూర్చుండబెట్టు ప్రభుత్వమునకు, అతనినే గురువుపీఠమున కూర్చుండబెట్టుట ముఖ్యముగ తోచలేదు. ఆ 18 వృత్తుల పట్టికలో చేనేత లేకుండుటయు గమనింపదగినది.

ఇది మనకు తెలియని మార్గమా? 1910లో కోపల్లె హనుమంతరావుగారు మిత్రులతో గూడి బందరులో ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పినప్పుడు చదువు ప్రక్కనే చేతిపనికి చోటిచ్చిరి. 1937 అక్టోబరులో వార్ధా విద్యాసభ చేతిపనినే చదువునకు నడిబొడ్డున నిలుపవలయునని తీర్మానించినది. పిమ్మట నేమైనది? పెక్కు బడులలో తకిలి త్రిప్పుట ఒక గంట తంతుగా మిగిలెను. నూలు వడుకుట రాని పంతులు నూలు వడుకుట నేర్పుచుండ, వచ్చినవాడు వీథిలో నిలిచియుండెను. తప్పు ఆశయమునది గాదు. నేర్పువాని నెంచుకొనుటలో జరిగినది.

మరియొక తప్పును ఇంతకంటె గట్టిగ జ్ఞాపకముంచుకొనవలయును. 1953లో మద్రాసు రాష్ట్రమున రాజగోపాలాచారిగారు బడిని ఒక పూటకు తగ్గించి, రెండవ పూట బిడ్డలు తల్లిదండ్రుల వృత్తిని నేర్చుకొనవలయునని పథకము తెచ్చిరి. క్షురకుని బిడ్డ క్షురకుడే, చాకలి బిడ్డ చాకలియే కావలయునా యని ప్రజలు తిరుగబడిరి. 1954లో ఆయన పదవి వీడగా పథకమును కొట్టివేసిరి. తిరుగబడినవారిదే న్యాయము. చేతిపని నేర్పుట వేరు. పుట్టిన కులమునకు బిడ్డను కట్టివేయుట వేరు. నేతగాని కూతురు లెక్కలు నేర్చి ఇంజనీరు కావలయును. వకీలు కుమారుడు మగ్గము నెక్కి నాలుగు పోగులు తెంపి సిగ్గుపడవలయును. ఈ రెండును ఒకే బడిలో జరుగకున్నచో చేతిపని చదువు పేదవానికి సంకెలయు, ధనికునికి ఆటబొమ్మయు నగును.

మా బిడ్డకు కుండలేల, తట్టలేల యని అడుగు పెద్దమనుష్యులు కొందరున్నారు. వారిట్లు అడుగుటకు కారణము వేరు. చేతితో చేసినది నీచమని మన మనస్సులలో నాటుకొన్నది. పాలమూరు మట్టిపనివారు దేశమందలి పెక్కు ఆనకట్టల కట్టలను తట్టలతో మోసి నిలిపిరి. వారిని మనము 'లేబరు' అని ఒక్క మాటతో తేల్చివేసితిమి. కొలత, వాలు, మట్టిగుణము ఎరిగినవారిని కూలీలని పిలిచి, ఆ గట్టుపై గొడుగు పట్టించుకొని నిలిచినవానిని మాత్రమే చదువరి యంటిమి.

పెద్దమందడి వంటి మండలకేంద్రమున చేయదగినది పెద్ద సంగతి యేమియు గాదు. పాఠశాలలో వారమునకు రెండు పూటలు, ఏడాది పొడుగున, ఒకే పని నేర్పవలయును. ఏడాదికొక పని: ఒక యేడు మన్ను, ఒక యేడు కొయ్య, ఒక యేడు ఉన్ని లేక నూలు. నేర్పువాడు ఆ పనితో బ్రదికినవాడే కావలయును. అతనికి పట్టా యుండనక్కరలేదు. పంతులకిచ్చు జీతపు లెక్కన గంటలకు వేతనమీయవలయును. సన్మానమని శాలువా కప్పి పంపుట చాలదు. శాలువాతో ఇల్లు గడువదు. పిల్లలు బడిగదిలో గాక అతని పనిపాకలోనే కూర్చుండవలయును. ఆవము ఎట్లు పేర్చుదురో, మగ్గపు గుంట ఎంత లోతో అక్కడనే తెలియును. ఆడపిల్ల, మగపిల్లవాడు, ఏ కులమైనను భేదముండరాదు. కట్టె, మన్ను, నూలు ఖర్చు ఊరు భరింపవలయును. చెడిన సరకును ఆ ఖర్చులోనే లెక్కింపవలయును, చెడగొట్టక ఎవరును నేర్వరు గనుక.

విద్యాశాఖ వారు మొట్టమొదట అడుగు ప్రశ్న మాకు తెలియును: ఆ కుమ్మరికి అర్హతాపత్రమేది? అతడు చేసిన కుండలో నీరు పోసి చూడుడు. అంతవరకు ఉత్తరువులకై వేచియుండ నక్కరలేదు. బడులు జూనులో తెరచుదురు. పఠనమందిరములో ఈ పుటను చదువుచున్న పెద్దలు ఈలోపలనే పాఠశాల కమిటీని కలిసికొని ఆ రెండు పూటలను అడుగవచ్చును. తలకింత చందా వేసికొని మొదటి ఏడాది వేతనమును కూర్పవచ్చును. చందాపుస్తకమున మొదటి సంతకము ఎవరిది?