అజాగ్రత్త ఎవరిది? – క్వార్టర్లలో విద్యుత్తు, మన కర్తవ్యం



ప్రభుత్వ క్వార్టర్లో విద్యుదాఘాతంతో ఒక ప్రాణం పోయినప్పుడు యాజమాన్యం నోట మొదట వచ్చే మాట "నివాసి అజాగ్రత్త". ఈ రెండు మాటలతో ఫైలు మూతపడుతుంది. తడిచేతితో కూలరును ముట్టుకున్నది ఆ ఇల్లాలే గదా అని వాదన. కూలరు ఇనుప పెట్టెలోకి కరెంటు ఎట్లా వచ్చింది, వచ్చిన కరెంటును భూమిలోకి దింపవలసిన తీగ ఏమైంది అన్న ప్రశ్నలు ఆ ఫైలులో ఉండవు. ఆ ప్రశ్నలు వేయవలసినవారం మనం. వేయాలంటే ముందు మనకు తెలియాలి.

ఇది ఒక ఇంటి దురదృష్టం కాదు. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ప్రకటించే ప్రమాద మరణాల నివేదికలలో 2019 నుండి 2022 వరకు ఏ సంవత్సరం చూసినా విద్యుదాఘాత మృతులు 10,000 కు తక్కువ లేరు. ఇందరూ అజాగ్రత్తపరులేనా?

మన దేశంలో తొలి విద్యుత్ రైలు 1925 ఫిబ్రవరి 3 న బొంబాయి విక్టోరియా టెర్మినస్ నుండి కుర్లాకు నడిచింది. నేడు బ్రాడ్‌గేజి మార్గాలపైన 25,000 వోల్టుల తీగ సాగుతున్నది. ఆ తీగను మోసే ప్రతి స్తంభాన్నీ, సమీపంలోని ఇనుప కట్టడాలనూ ఎర్తు చేయనిదే ఆ లైనులోకి కరెంటు వదలరు. ఇంజనీర్లకు ఎర్తు విలువ తెలియదని ఎవరూ అనలేరు. బండికి అంత శాస్త్రోక్తంగా ఎర్తు చేయగల యాజమాన్యానికి, ఆ పట్టాలను కాపాడే కార్మికుని వంటింటి ప్లగ్గులో ఒక్క ఆకుపచ్చ తీగ బిగించడానికి మాత్రం గ్రాంటు దొరకదు. తపాలా కాలనీల కథ కూడ ఇంతకంటె మెరుగైనది కాదు.

మన సంఘాలలోనే కొందరు మిత్రులకు మరొక అభిప్రాయమున్నది. "వేతనాలు, పెన్షన్లు, ఖాళీల భర్తీ వంటి సమస్యలుండగా స్విచ్చులూ ప్లగ్గులూ సంఘం పనా? సగం చదువు ప్రాణాంతకం, వైర్‌మన్‌కు వదిలేయండి" అంటారు. సగం చదువు ప్రమాదమన్న మాట నిజమే. కాని మన ఇళ్ళలో ఉన్నది సగం చదువు కూడ కాదు. ఇంటిల్లిపాదీ తెలుసుకోవలసిన విషయాలు నిజానికి కొన్నే.

ఇంటికి వచ్చేది 230 వోల్టుల విద్యుత్తు. తీగలు మూడు. ఫేజు కరెంటును తెస్తుంది, న్యూట్రలు తిరిగి తీసుకుపోతుంది, ఎర్తు మామూలు వేళ ఏ పనీ చేయదు. పరికరం లోపల ఫేజు తీగ తొడుగు చెడి ఇనుప ఒంటికి తగిలిన క్షణాన, ఆ కరెంటును మనిషి శరీరం గుండా పోనీయకుండ నేలలోకి దింపేది ఎర్తు మాత్రమే. మూడు కాళ్ళ ప్లగ్గులో ఎర్తు కాలు పొడవుగా ఉండడం ఇందుకే. అది అన్నిటికంటె ముందు తగిలి, అన్నిటికంటె చివర విడిపోవాలి. ఆ కాలును విరిచి రెండు కాళ్ళ సాకెట్లో దూర్చడమంటే కాపలావానిని పంపివేసి తలుపులు తెరిచి నిద్రపోవడమే.

స్విచ్చి, ఫ్యూజు ఫేజు తీగపైనే ఉండాలి. స్విచ్చిని న్యూట్రలుపై బిగిస్తే దీపం ఆరుతుంది, హోల్డరులో మాత్రం కరెంటు ఉంటుంది. స్విచ్చి ఆపి బల్బు మార్చబోయినవాడు కుర్చీ మీదనుండి పడేది అందుకే. ఆరు ఆంపియర్ల సాకెట్ మోయగలిగేది సుమారు 1,380 వాట్లు. దానిలో 2,000 వాట్ల గీజరు పెడితే గోడలోని తీగ కాగుతుంది. ఫ్యూజు మాటిమాటికి పోతున్నదని లావుపాటి రాగితీగ చుట్టడం జబ్బు మానక ముందే వైద్యుని వెళ్ళగొట్టడం వంటిది.

అన్నిటికంటె ముఖ్యమైన సంగతి మరొకటి. ఫ్యూజు గాని, ఎం.సి.బి. గాని కాపాడేది తీగను, మనిషిని కాదు. ఆరు ఆంపియర్లు దాటితే గాని పనిచేయని సాధనం, అందులో నూరవవంతు కరెంటు కూడ ప్రాణం తీయగలదని ఎరుగదు. మనిషిని కాపాడేందుకు 30 మిల్లీ ఆంపియర్ల లీకునే పసిగట్టి క్షణంలో సరఫరా ఆపివేసే ఆర్.సి.సి.బి. అనే సాధనం వేరుగా ఉన్నది. అది బోర్డులో ఉంటే నెలకొకసారి దాని పరీక్ష మీట నొక్కి చూడాలి. లేకుంటే, ఎందుకు లేదని లిఖితపూర్వకంగా అడగాలి.

బట్టలు ఆరవేసే దండేనికి ఇనుప తీగ వాడి, దానిని సర్వీసు వైరు వచ్చే కొక్కేనికి కట్టరాదు. నైలాను తాడు చాలు. కూలరులో నీరు పోసేముందు, రాడ్ హీటరు పెట్టిన బకెట్లో చేయి ముంచేముందు స్విచ్చి ఆపడంతో సరిపెట్టక ప్లగ్గు కూడ ఊడదీయాలి. ఎవరికైనా షాకు తగిలితే చేతితో లాగరాదు, ముందు మెయిన్ ఆపాలి. ఇవి ఇంట్లో పిల్లలకు కూడ తెలియాలి. ప్రమాదవేళ ఇంట ఉండేది ఎక్కువగా వారే గాని, డ్యూటీలో ఉన్న ఉద్యోగి కాదు.

ఇక్కడ ఒక హెచ్చరిక. ఉద్యోగులు నేర్చుకున్నారు గదా, తమ మరమ్మతులు తామే చేసుకుంటారని యాజమాన్యం చేతులు దులుపుకొనజూస్తుంది. ఆ వలలో పడరాదు. వైరింగు పని లైసెన్సున్న కాంట్రాక్టరు ద్వారా, అర్హతా పత్రమున్నవారి పర్యవేక్షణలోనే జరగాలని 1956 నాటి భారత విద్యుత్ నియమాలు చెప్పాయి. వాటి స్థానంలో కేంద్ర విద్యుత్ ప్రాధికార సంస్థ 2010 లో చేసి, 2023 లో తిరిగి రూపొందించిన నిబంధనలూ అదే చెప్పాయి. మనం నేర్చుకునేది వైర్‌మన్ ఉద్యోగాన్ని తీసివేయించడానికి కాదు, ఆ ఖాళీని నింపించడానికి. లోపాన్ని గుర్తించడం మన పని, సరిచేయించడం మన హక్కు, సరిచేయడం యాజమాన్యం విధి.

ఇది దయాధర్మం కాదు. క్వార్టరు పొందిన ఉద్యోగి ఇంటి అద్దె భత్యాన్ని వదులుకుంటాడు, లైసెన్సు ఫీజు జీతంలోనుండి కోత పడుతుంది. డబ్బు నెలనెలా పుచ్చుకునేవారు క్షేమమైన ఇల్లు ఇవ్వవలసినదే.

కనుక మన కోర్కెలు స్పష్టం. పాత క్వార్టర్ల తీగలన్నిటినీ గడువు పెట్టి మార్చాలి. ప్రతి ఇంటికీ ఎర్తు, ఆర్.సి.సి.బి. అమర్చాలి. ఎర్తు గుంటలు ఎండిపోయే వేసవికి ముందు ఏటా కొలిచి, ఆ కొలతను కాలనీ నోటీసు బోర్డుపై పెట్టాలి. ప్రమాద విచారణలో సంఘ ప్రతినిధికి స్థానముండాలి. వీటిని రైల్వేలో శాశ్వత సంప్రదింపుల యంత్రాంగం ముందు, తపాలాలో సంయుక్త సంప్రదింపుల మండలి ముందు అంశాలుగా ఉంచాలి.

ప్రతి బ్రాంచి తన కాలనీలో ఒక ఆదివారం తరగతి పెట్టాలి. బోధించడానికి మన ఎలక్ట్రికల్ విభాగపు కార్మికులే ఉన్నారు, వారికంటె మంచి గురువులు దొరకరు. తరగతి ముగిశాక ప్రతి ఇంటివారూ తమ లోపాల పట్టిక వ్రాసి, సంతకం చేసి కంప్లైంటు పుస్తకంలో ఎక్కించాలి, నకలు బ్రాంచి కార్యదర్శికి ఇవ్వాలి. తేదీ, సంతకము గల ఆ కాగితం ముందున్ననాడు "నివాసి అజాగ్రత్త" అని వ్రాయడానికి ఏ అధికారి కలమూ సులువుగా కదలదు.