చదరంగం ప్రోగ్రాముకు ఖరీదైన కంపైలర్ అక్కర్లేదు

చదరంగం ఆడే ప్రోగ్రాము రాయాలనుకునే విద్యార్థికి తొలి సందేహం కంపైలర్ దగ్గరే వస్తుంది. రాసిన కోడ్‌ను ప్రాసెసర్ అమలు చేయగల యంత్రభాషలోకి మార్చే సాఫ్ట్‌వేర్ ఇది. చదరంగంలో కంప్యూటర్ వేగమే దాని బలం కనుక, డబ్బు పెట్టి కొన్న కంపైలరే మంచిదని అనిపించడం సహజం. లెక్క వేసి చూస్తే ఆ అభిప్రాయం నిలబడదు.

ఆట ప్రారంభంలో తెల్లపావులకు 20 ఎత్తులు సాధ్యం. నల్లపావుల జవాబులతో కలిపితే 400 దారులు. నాలుగో ఎత్తుకు అవి 1,97,281కి, ఐదో ఎత్తుకు 48,65,609కి చేరతాయి. ఆట మధ్యలో ఒక్కో స్థితికి సగటున 35 ఎత్తులు ఉంటాయని అంచనా. ‘ఆల్ఫా-బీటా’ పద్ధతి ఫలితాన్ని మార్చలేని దారులను చూడకుండానే వదిలేస్తుంది. మంచి ఎత్తులను ముందుగా పరిశీలించగలిగితే, ఒక్కో ఎత్తు లోతుకు వెళ్లేకొద్దీ పని 35 రెట్లకు బదులు సుమారు 6 రెట్లే పెరుగుతుంది.

ఈ స్థితిలో కొన్న కంపైలర్ వేగాన్ని 20 శాతం పెంచిందనుకున్నా, అదనంగా దక్కే లోతు ఒక ఎత్తులో పదోవంతు మాత్రమే. అంటే అసలు పెట్టుబడి పెట్టాల్సింది ఆలోచన మీద, లైసెన్సు మీద కాదు.

1987లో తొలిసారి విడుదలైన జీసీసీ, తర్వాత వచ్చిన క్లాంగ్ రెండూ ఉచితమే. ప్రపంచంలోని అత్యంత బలమైన చదరంగం ప్రోగ్రాముల్లో ఒకటైన స్టాక్‌ఫిష్‌ను వీటితోనే కంపైల్ చేయవచ్చు. దాని సోర్స్ కోడ్ కూడా ఎవరైనా చదువుకోవచ్చు.

అయితే ఉచితంగా దొరికేదల్లా పనికొస్తుందని కాదు. మన దేశంలో కొన్ని కళాశాలల ల్యాబుల్లో ఇప్పటికీ కనిపించే టర్బో సి++ 1990ల నాటి 16-బిట్ కంపైలర్. చదరంగం పలకలో 64 గళ్లున్నాయి. ఒక్కో గడికి ఒక్కో బిట్ కేటాయిస్తే, బంట్లన్నీ ఎక్కడున్నాయో ఒకే 64-బిట్ సంఖ్యలో ఇమిడిపోతుంది. నేటి ప్రాసెసర్ అలాంటి సంఖ్యపై ఒక్క ఆదేశంతో పని చేస్తుంది. ఆ పాత కంపైలర్‌లో అసలు 64-బిట్ పూర్ణాంకమే లేదు. దానితో నేర్చుకున్న విద్యార్థి చేతిలోని యంత్రపు శక్తిని వాడుకోలేడు.

జీసీసీని ఎంచుకున్నవారు కూడా ఆప్టిమైజేషన్‌ను ఆన్ చేయడం మరవకూడదు. అది లేకుండా కంపైల్ చేసిన ప్రోగ్రాము చాలా నెమ్మదిగా నడుస్తుంది. ఆ మార్పుకు ఖర్చు ఏమీ లేదు. ల్యాబుల్లో కంపైలర్ మార్చడానికీ లైసెన్సు ఖర్చు లేదు. సిలబస్ రూపొందించేవారు పాత అలవాటును వదులుకుంటే చాలు.