పడిపోయాక అయిదు లక్షలు, పడకముందు వెయ్యి

వృద్ధులకు ఆరోగ్య సలహాలిచ్చేవారికి మన దేశంలో కొదవ లేదు. పాలు తాగండి, గుడ్డు తినండి, ఉప్పు తగ్గించండి, మనసు ప్రశాంతంగా ఉంచుకోండి అంటారు. అన్నీ సరైన మాటలే. కానీ ఆ సలహా వింటున్న మనిషికి నెలకు వచ్చేదెంత, ఇంట్లో తోడెవరు అని అడిగేవారు బహు తక్కువ. నా దృష్టిలో ఆ రెండు ప్రశ్నలూ రక్తపోటు కొలవడమంత ముఖ్యమైనవి.

తెనాలిలోనో రేపల్లెలోనో బాపట్లలోనో ఒక ప్రైవేటు మిల్లులో గుమాస్తాగా చేసి మరణించిన వ్యక్తి భార్యను ఊహించండి. 1995 నాటి ఉద్యోగుల పింఛను పథకం కింద ఆమెకు వచ్చేది భర్త పింఛనులో సగం. ఆ సగం మరీ చిన్నదైతే కనీసంగా 1,000 రూపాయలు ఇస్తారు. ఈ కనీసాన్ని 2014 సెప్టెంబరులో నిర్ణయించారు. పదేళ్లు దాటినా అంకె కదలలేదు. ప్రభుత్వ వైద్యుడిగా పనిచేసిన నాకు ధరలతోపాటు పెరిగే కరవు భత్యం ఉంది. ఆమె పింఛనుకు లేదు. ఆమె కొనే కందిపప్పు ధర వేరు, నేను కొనే కందిపప్పు ధర వేరు కాదు గదా!

అరలీటరు పాలు ముప్పై రూపాయలనుకున్నా నెలకు తొమ్మిది వందలు. ఇక మిగిలింది వంద. అందుచేత ఆమె ఉదయం ఒక్కసారి అన్నం వండుకుని, రెండు పూటలా పచ్చడితోనో మజ్జిగతోనో సరిపెట్టుకుంటుంది. యాభై కిలోల బరువున్న వృద్ధురాలికి రోజుకు కనీసం యాభై గ్రాముల మాంసకృత్తులు కావాలి. ఆ భోజనంలో అందులో సగమైనా ఉండవు. పచ్చడిలోని ఉప్పు రక్తపోటును పెంచుతుంది. మాంసకృత్తుల లోటు కండను కరిగిస్తుంది. కండ తగ్గిన కాలు స్నానాలగదిలో జారుతుంది, తుంటి ఎముక విరుగుతుంది. ఒంటరి గనుక ఎవరో తలుపు తట్టేదాకా అక్కడే పడి ఉంటుంది. దీనిని మనం ‘వయసు మీద పడింది’ అంటాము. నేను దీనిని వయసు అనను, పేదరికం అంటాను.

నెలాఖరున మాత్రలు రోజు విడిచి రోజు వేసుకోవడం ఇంకొక ప్రమాదం. రక్తపోటు నొప్పి పుట్టించదు గనుక, మానేసినా ఏమీ కాలేదనిపిస్తుంది, పక్షవాతం వచ్చేదాకా.

డెబ్బయ్యేళ్లు దాటినవారందరికీ ఆయుష్మాన్ భారత్ కింద ఏటా అయిదు లక్షల వరకు చికిత్స ఉచితమని 2024 అక్టోబరులో ప్రకటించారు. సంతోషమే. అయితే ఆ కార్డు పనిచేసేది ఆసుపత్రిలో చేరినప్పుడు. పక్షవాతానికి లక్షలు ఇచ్చే ఏర్పాటు, దానిని ఆపగల నెలవారీ మాత్రకు పైసా ఇవ్వదు. ఇది ఏ రకమైన పొదుపు?

రాష్ట్రం నాలుగు వేలు ఇస్తోంది గదా అంటారు. అవును, 2024 నుంచి ఇస్తోంది, మెచ్చుకోవలసిందే. కానీ జాతీయ వృద్ధాప్య పింఛనులో ఎనభై ఏళ్లలోపువారికి కేంద్రం వాటా 2007 నుంచీ 200 రూపాయలే. పిల్లలు చూడాలి గదా అంటారు. తల్లిదండ్రుల పోషణ చట్టం 2007లోనే వచ్చింది, ఆర్డీవో కార్యాలయంలో దరఖాస్తు చేసుకోవచ్చు. కొడుకు మీద ఫిర్యాదు రాసే తల్లులు ఎందరుంటారు? పిల్లలే లేనివారి మాటేమిటి?

ప్రభుత్వ ఆసుపత్రిలో మాత్రలు ఉచితం గదా అనేది మూడవ వాదన. నిజమే, తప్పక తీసుకోండి. గ్రామాలకు 104 వాహనమూ వస్తుంది. కానీ మోకాళ్లు పట్టేసిన మనిషి ఆటోకు ఇచ్చేది ఆ వెయ్యిలోంచే. నెల మొదటి తేదీన సచివాలయ సిబ్బంది సామాజిక పింఛను గుమ్మం ముందుకే తెచ్చి ఇస్తున్నారు. ఆ చేతులతోనే నెలకు సరిపడా రక్తపోటు, మధుమేహం మాత్రలు తేలేరా? ఉద్యోగుల పింఛను కనీసాన్ని పెంచి, కరవు భత్యం జోడించాలన్న కోరికను కార్మిక సమస్యగా మాత్రమే చూస్తున్నారు. వైద్య సంఘాలు కూడా దానిని తమ డిమాండుగా చేసుకోవాలి.

అంతవరకు మీ వీధిలో అటువంటివారు ఉంటే, ఈ సాయంత్రం వెళ్లి మాత్రల అట్ట చూపించమనండి. ఏ తేదీన కొన్నారో, ఎన్ని మిగిలాయో లెక్కపెట్టండి. ఉండవలసినదానికన్నా ఎక్కువ మిగిలి ఉంటే మరుసటి ఉదయమే దగ్గరలోని ప్రభుత్వ ఆసుపత్రికి తోడు వెళ్లండి.