జాకీ సంగతి చూశారా?

పాత లారీయో వ్యానో కొనేముందు మన్సూరాబాద్ పక్కనున్న ఆటోనగర్‌లో మెకానిక్‌కి చూపిస్తారు. ఇంజిను, టైర్లు, బ్రేకులు అన్నీ చూస్తారు... ఒక్క జాకీని తప్ప!

హైడ్రాలిక్ జాకీలో మనం పంపు కొడితే చిన్న పిస్టన్ నూనెను నెడుతుంది. ఆ ఒత్తిడికే పెద్ద పిస్టన్ లేచి టన్నుల బరువును ఎత్తుతుంది. లోపలి సీలు అరిగిందా, ఎత్తిన బండి మెల్లగా దిగిపోతుంది. అందుకే కొనేముందే గట్టి నేలమీద చక్రాన్ని కాస్త లేపి 10 నిమిషాలు ఆగి చూడండి. దిగితే జాకీ మార్చాల్సిందే.

పంక్చరైనప్పుడు హ్యాండ్‌బ్రేకు వేసి, మిగతా చక్రాలకు రాళ్లు అడ్డం పెట్టండి. నట్లను బండి లేపకముందే కాస్త వదులు చేయండి. జాకీ ఎంత కొత్తదైనా ఎత్తడానికే, మోయడానికి కాదు. స్టాండ్లు పెట్టకుండా బండి కిందికి దూరకండి.