అవ్వ లేని అవ్వ

పక్క వాటాలో నెల నిండని పసిబిడ్డ ఉంది. మొన్న రాత్రి పదకొండు దాటాక ఆ బిడ్డ తల్లి దాన్నెత్తుకుని వచ్చి మా తలుపు తట్టింది. ఎక్కిళ్లు ఎంతకీ ఆగడం లేదట. ఫోన్‌లో చూస్తే ఏవేవో జబ్బుల పేర్లు కనిపించాయట. మా అమ్మ నిద్రకళ్లతోనే లేచి, పాత చీర అంచు నుంచి ఒక నూలుపోగు లాగి, తడిపి, పసిదాని నుదుటి మీద అతికించింది. "ఏం కాదే తల్లీ, పేగు పెరుగుతోంది. ఇంతమాత్రానికే బెంబేలెత్తిపోతే ఎలా?" అంది.

నూలుపోగుకీ ఎక్కిళ్లకీ సంబంధం ఏమిటో నాకు తెలీదు. బిడ్డ ఎక్కిళ్లు ఎప్పుడు ఆగాయో కూడా గమనించలేదు. తల్లి కంగారు మాత్రం ఆ మాటతోనే ఆగిపోయింది.

మళ్లీ పడుకున్నాక ఎందుకో ఆదాము, అవ్వ గుర్తొచ్చారు. లోకంలో మొట్టమొదటి బాలింత అర్ధరాత్రి ఎవరి తలుపు తట్టి ఉంటుంది?

తెలుగు బైబిలులో ఆమె పేరు హవ్వ. హీబ్రూలో ఆ పేరుకు ప్రాణంతో, జీవంతో చుట్టరికం. బతికున్న వాళ్లందరికీ తల్లి కాబట్టి ఆదాము ఆమెకు ఆ పేరు పెట్టాడని ఆదికాండము చెబుతుంది. మన నోళ్లలో నలిగి 'హ' కాస్తా జారిపోయి 'ఆదాము, అవ్వ' అయింది. రాయలసీమలో అవ్వ అంటే నాయనమ్మో అమ్మమ్మో. తెలంగాణలో చాలాచోట్ల కన్నతల్లి. పొరపాటున జరిగిందే అయినా ఎంత చక్కగా కుదిరింది! అందరికీ అవ్వ అయిన ఆ మనిషికి మాత్రం అవ్వ లేదు. అమ్మా లేదు.

ఆదాము సంగతీ అంతే. హీబ్రూలో 'అదామా' అంటే నేల. నేలలోంచి తీసిన మన్నుతో చేసినవాడు గనుక ఆదాము. మన్నూ మనిషీ అని మనకూ ఒక ప్రాస ఉంది గానీ, దానికీ దీనికీ చుట్టరికం లేదు.

పదిహేడో శతాబ్దంలో థామస్ బ్రౌన్ అనే ఇంగ్లిష్ వైద్యుడు ఉండేవాడు. జనం నమ్మే పొరపాట్లన్నీ పోగుచేసి 1646లో ఒక పెద్ద పుస్తకం వేశాడు. చిత్రకారులు ఆదాము అవ్వలకు బొడ్డు గీయడం కూడా ఆ పొరపాట్లలో ఒకటని రాశాడు. తల్లి కడుపులోంచి రాని వాళ్లకు బొడ్డెలా వస్తుందన్నది ఆయన వాదన. అప్పటికి వందేళ్లకు పైగా ముందే మైకెలాంజెలో సిస్టీన్ చాపెల్ కప్పు మీద ఆదాముకు లక్షణంగా బొడ్డు పెట్టేశాడు. మనకు నవ్వొస్తుంది గానీ, డాక్టరుగారి మాటలో ఒక దిగులుంది. మన భాషలో పసివాణ్ని బొడ్డూడని వాడు అంటాం. వీళ్లకు ఊడటానికి బొడ్డే లేదు. బొడ్డు కోసి పేరు పెట్టిన వాళ్లూ లేరు. పైగా కనిపించిన ప్రతి జంతువుకూ పిట్టకూ ఆదామే పేరు పెట్టాల్సి వచ్చింది. బాల్యమన్నదే లేకుండా పెద్దవాళ్లయిపోయిన ఇద్దరు.

ఆదికాండము వీళ్ల గురించి చెప్పింది చాలా తక్కువ. తోట, పండు, పాము, గెంటివేత అన్నీ రెండు అధ్యాయాల్లో అయిపోతాయి. అయిదో అధ్యాయంలో ఆదాము తొమ్మిది వందల ముప్పై ఏళ్లు బతికి పోయాడని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. మధ్యలో ఆ ఇద్దరూ ఎలా బతికారు? తర్వాతి కాలపు యూదు గురువులు, క్రైస్తవ కథకులు ఆ ఖాళీని అలా వదిలేయలేకపోయారు. వందల ఏళ్లపాటు కూర్చుని పూరించారు. పండు తినడం తప్పా ఒప్పా అనే చర్చలకంటే నాకు ఆ పూరణలే ఇష్టం.

మొదటి రాత్రి సంగతి చూడండి. ఈ కథ తాల్ముద్ అనే యూదు ధర్మగ్రంథంలో ఉంది. పొద్దు గుంకుతోంది. ఆదాము అంతకుముందు చీకటి చూసి ఎరగడు. తను చేసిన తప్పుకు లోకమంతా నల్లబడిపోతోందని, తనకు పడ్డ మరణశిక్ష ఇదేనని అనుకున్నాడు. తిండీ నీళ్లూ మాని రాత్రంతా ఏడుస్తూ కూర్చున్నాడు. ఎదురుగా అవ్వ కూడా ఏడుస్తూ కూర్చుంది. ఎవరు ఎవరిని ఊరుకోబెట్టాలి? తెల్లవారింది. ఓహో, లోకం తీరు ఇంతేనన్నమాట అనుకుని లేచాడు.

కథలో ఇంతకంటే ఏమీ జరగదు. కానీ ఆ ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్న తీరు నాకు కళ్లముందు నుంచి పోదు. చిన్నప్పుడు కరెంటు పోయి ఇల్లంతా చీకటైపోతే, వంటింట్లోంచి "ఉండండిరా, దీపం తెస్తున్నా" అని ఒక గొంతు వినిపించేది. దీపం వచ్చేలోపే భయం సగం పోయేది.

చలికాలం కథా తాల్ముద్‌లోనే ఉంది. పగళ్లు రోజురోజుకూ కురచబడుతుంటే, ఈసారి లోకం నిజంగానే అయిపోవస్తోందని ఆదాము ఎనిమిది రోజులు ఉపవాసం చేశాడు. ఆ తర్వాత పొద్దు మళ్లీ పొడుగవడం చూశాడు. మరో ఎనిమిది రోజులు పండుగ చేసుకున్నాడు. పరాయివాళ్లైన రోమన్లు చలికాలంలో చేసుకునే పండుగలు ఎక్కణ్నుంచి వచ్చాయో చెబుతూ గురువులు ఈ కథ చెప్పారు. వాళ్ల పండుగకూ మూలం మన ముత్తాత భయమేనని ఒప్పుకోవడంలో ఒక పెద్దమనిషి తరహా ఉంది.

ఇంకో కథలో ఆ మొదటి చీకటి శనివారం రాత్రి వచ్చింది. అప్పుడు దేవుడు జాలిపడి రెండు రాళ్లు కొట్టే తెలివిని ఆదాముకు ఇచ్చాడు. నిప్పు పుట్టింది. అందుకే ఇప్పటికీ శనివారం చుక్కలు పొడిచి విశ్రాంతి దినం ముగిశాక, యూదుల ఇళ్లలో జడలా అల్లిన కొవ్వొత్తి ఒకటి వెలిగిస్తారు. వేళ్లు మడిచి, గోళ్ల మీద ఆ వెలుగు పడేలా చూసుకుంటారు. దానికి చెప్పే కారణాల్లో ఒకటి ముచ్చటగా ఉంటుంది. తోటలో ఉన్నప్పుడు ఆ ఇద్దరి ఒళ్లంతా గోరులాంటి నిగనిగలాడే పొర ఉండేదట. తప్పు చేశాక అది ఊడిపోయి వేళ్ల చివర మాత్రం మిగిలిందట. ఇది చదివిన రోజు నేను కూడా నా గోళ్లు కాసేపు తిప్పి చూసుకున్నాను.

ఆ పండు ఏదన్న విషయంలో యూదు గురువులకు ఏకాభిప్రాయం లేదు. ఆపిల్ అని బైబిలులో ఎక్కడా లేదు. లాటిన్‌లో చెడుకూ ఆపిల్‌కూ ఒకేలాంటి మాట ఉండటం వల్ల పాశ్చాత్యుల బొమ్మల్లోకి ఆపిల్ వచ్చి కూర్చుందంటారు. తాల్ముద్ గురువుల్లో ఒకరు ద్రాక్ష అన్నారు, ఒకరు అంజూర అన్నారు. యూదా అనే గురువు మాత్రం గోధుమ అన్నాడు. తెలివినిచ్చే చెట్టు కదా, పసిబిడ్డ ధాన్యం రుచి చూశాకే కదా అమ్మా నాన్నా అని పిలవగలిగేది అన్నాడు. మన అన్నప్రాశన తెలిసినవాళ్లకు ఈ గురువుగారు దూరపు బంధువులా అనిపించక మానడు. అంత పెద్ద పాపం గురించి మాట్లాడుతూ కూడా ఆయన ధ్యాస పసిపిల్లల మీద ఉంది.

ఫ్లారెన్స్‌లోని ఒక చర్చి గోడ మీద మసాచో అనే యువకుడు 1420లలో ఈ గెంటివేతను గీశాడు. ఆదాము రెండు చేతులతో మొహం కప్పుకుని ఉంటాడు. అవ్వ నోరు తెరిచి గొల్లుమంటోంది. ఇద్దరి ఒంటి మీదా నూలుపోగు లేదు. తర్వాతెప్పుడో ఎవరో సిగ్గుపడి ఆకులు వేయించారు. 1980లలో బొమ్మను శుభ్రం చేసినప్పుడు వాటిని తీసేశారు. నిజానికి ఆదికాండము ప్రకారం వాళ్లు అలా వెళ్లలేదు. బయటికి పంపే ముందు దేవుడే తోలుతో చొక్కాలు చేసి వాళ్లకు తొడిగాడు. తాల్ముద్‌లో ఒక గురువుకు ఈ వాక్యమంటే మహా ఇష్టం. ధర్మశాస్త్రం మొదలయ్యేది దయతోనే, ముగిసేదీ దయతోనే అంటాడు. మొదట బట్టల్లేని వాళ్లకు బట్టలు తొడిగాడు, చివర మోషేను తన చేత్తో పాతిపెట్టాడు అని. కోపంతో ఇంట్లోంచి పొమ్మని, గుమ్మం దాటేలోపు "బయట చలిగా ఉంది, ఇది కప్పుకో" అనే తండ్రులు మనకు తెలియని వాళ్లేం కాదు.

ఇక మొదటి చావు. అన్న కయీను చేతిలో తమ్ముడు హేబెలు పోయాడు. ముసలితనం రాలేదు, జబ్బు చేయలేదు. లోకంలో చావు మొదట ఒక కొడుకు రూపంలో వచ్చింది. ఒక యూదు కథలో తల్లీ తండ్రీ శవం దగ్గర కూర్చుని ఏడుస్తుంటారు. ఏం చేయాలో తెలీదు. హేబెలు మందను కాసిన కుక్క ఇప్పుడు అతని ఒంటికి కాపలా కాస్తోంది. అంతలో ఒక కాకి వచ్చింది. చచ్చిన తోటి కాకి కోసం నేల తవ్వి, వాళ్ల కళ్లముందే పూడ్చింది. అది చూసి ఆదాము కొడుకును మట్టికి అప్పగించాడు. ఖురాన్‌లోనూ ఈ కాకి ఉంది, కానీ అక్కడ పాఠం నేర్చుకున్నది చంపిన అన్న. మన దగ్గర పిండం ముట్టడానికి రావలసింది కాకే. ఆ పిట్టకు ఏ దేశంలోనైనా చావింటితో ఏదో పని ఉన్నట్టుంది.

అన్నిటికంటే నన్ను కదిలించేది ఆదాము జబ్బుపడిన కథ. ఆదాము అవ్వల జీవితం మీద ఒక పాత పుస్తకం ఉంది. గ్రీకు, లాటిన్, ఆర్మేనియన్, జార్జియన్, స్లావిక్ భాషల్లో రకరకాలుగా ప్రచారమైంది. అందులో ముసలి ఆదాము మంచాన పడి పిల్లలందరినీ పిలిపిస్తాడు. ఒంట్లో బాగాలేదు, నొప్పిగా ఉంది అంటాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని, నొప్పి అంటే ఏమిటి నాన్నా అని అడుగుతారు. వాళ్లెవరూ అంతవరకూ జబ్బు మనిషిని చూసి ఉండలేదు. షేతు అనే కొడుకుకు మాత్రం ఒక ఊహ తడుతుంది. నాన్నకు ఆ తోటలో పండు మీద మనసు పోయిందేమో, వెళ్లి తేనా అంటాడు.

జబ్బు పడిన పెద్దవాళ్ల మంచం పక్కన నిలబడి "ఏమన్నా తినాలనుందా?" అని అడగని కొడుకు మన ఇళ్లలో ఎవరున్నారు?

షేతూ అవ్వా ఆ తోట గుమ్మం దాకా వెళ్లారు, పండు కోసం కాదు, ఆదాము అడిగిన మందు నూనె కోసం. మిఖాయేలు దేవదూత ఇప్పుడు కాదని చెప్పి పంపేశాడు. ఆ నూనె లేకుండానే తిరిగొచ్చారు. కొన్ని రోజులకే ఆదాము పోయాడు. మధ్యయుగపు క్రైస్తవులు దీన్ని ఇంకా సాగదీశారు. షేతు తెచ్చిన విత్తనాలు తండ్రి నోట్లో ఉంచి పాతిపెట్టాడని, అవి చెట్టై, ఆ చెట్టే యేసు సిలువకు కలపైందని చెప్పుకున్నారు. సిలువ నాటిన గొల్గొతా అంటే కపాల స్థలం. ఆ కపాలం ఆదాముదేనన్నారు. యెరూషలేములోని పవిత్ర సమాధి చర్చిలో, గొల్గొతా బండ కింద ఆదాము పేరుతో ఒక చిన్న ప్రార్థనా గది ఇప్పటికీ ఉంది. అద్దం వెనక చీలిన రాయి కనిపిస్తుంది.

ఇస్తాంబుల్‌లో ఒకప్పటి ఖోరా చర్చి, ఇప్పుడు మసీదు. దాని గోడ మీద పద్నాలుగో శతాబ్దపు బొమ్మ ఒకటుంది. తెల్లబట్టల్లో యేసు పాతాళంలోకి దిగాడు. కాళ్ల కింద విరిగిపడిన తలుపులు, చెల్లాచెదురైన తాళాలు. ఒక చేత్తో ముసలి ఆదామునూ, ఇంకో చేత్తో అవ్వనూ సమాధుల్లోంచి పైకి లాగుతున్నాడు. బొమ్మను దగ్గరగా చూస్తే ఒకటి కనిపిస్తుంది. ఆయన పట్టుకున్నది వాళ్ల అరచేతులు కాదు, మణికట్లు.

ఆఖరి ఏడాది మా నాన్నను ఆసుపత్రి మెట్లెక్కించేటప్పుడు నేనూ అలాగే పట్టుకునేవాణ్ని. అరచెయ్యి పట్టుకుంటే ఆయన వేళ్లలో పట్టు లేక జారిపోయేది.